1946 సెస్నా 140 కొన్నాక కనిపించే తేడాలు: ఏది జబ్బు, ఏది దాని స్వభావం

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. డాలస్ దగ్గర ఉంటున్నారు. రెండు నెలల క్రితం 1946 నాటి సెస్నా 140 అనే చిన్న విమానం కొన్నారు. ఇంజన్ కాంటినెంటల్ సీ-85, కార్బ్యురేటర్ స్ట్రామ్‌బర్గ్. ఇప్పటికి తొమ్మిది గంటలు నడిపారు. పొద్దున చలిలో స్టార్ట్ అవడానికి మొండికేస్తోంది. స్టార్ట్ అయ్యాక ఒక నిమిషం దగ్గి తర్వాత సర్దుకుంటోంది. ఎగిరే ముందు నేలమీద చేసే ఇంజన్ పరీక్షలో, అంటే రన్-అప్‌లో, ఎడమ మాగ్నెటో (ప్లగ్గులకి నిప్పురవ్వ పంపే రెండు పరికరాల్లో ఒకటి) మీదకి మార్చగానే 180 ఆర్‌పీఎం పడిపోతోంది. నేలమీద టాక్సీ చేస్తున్నప్పుడు, బ్యాటరీకి చార్జ్ వెళ్తోందో లేదో చూపే ఆమీటర్ మైనస్‌లో ఉంటోంది. కుడి ట్యాంక్ మీద ఎగురుతుండగా ఒకసారి ఇంజన్ తడబడింది, ఎడమకి మార్చగానే బాగైంది. ఎడమ బ్రేక్ మెత్తగా ఉంది. దిగేటప్పుడు తోక చక్రం వణుకుతోంది. పొట్ట కింద ఆయిల్ చారలు. వీటిలో చాలావాటికి కార్బ్యురేటరే కారణమని హ్యాంగర్‌లో ఒకాయన చెప్పారు. దాన్ని విప్పి ఓవర్‌హాల్‌కి పంపాలా అని మీ ప్రశ్న.

పంపకండి. ఇప్పుడే కాదు.

నేను ఇక్కడ లైసెన్స్ ఉన్న మెకానిక్‌ని, ఏటా జరగాల్సిన తనిఖీకి సంతకం పెట్టే ఐఏ అధికారం కూడా ఉంది. ఎక్కువ కాలం ఈ చిన్న కాంటినెంటల్ ఇంజన్లతోనే గడిపాను. పాత విమానం కొత్తగా కొన్నవాళ్ళలో నేను తరచూ చూసేది ఒకటుంది. తాము విమానం నేర్చుకున్న, ఇంకా తర్వాత వచ్చిన సెస్నా 172 లాగే ఇది కూడా నడవాలని అనుకుంటారు. నడవదు. మీరు చెప్పినవాటిలో కొన్ని దాని పుట్టుకతో వచ్చిన గుణాలు. కొన్ని మామూలు రిపేర్లు. కానీ రెండు మాత్రం మీరు అనుకున్నంత చిన్నవి కావు: కుడి ట్యాంక్ సంగతి, పొద్దుటి దగ్గు. ఆ రెండూ తేలేదాకా దయచేసి విమానాన్ని గాల్లోకి తీసుకెళ్ళకండి.

ముందు ట్యాంక్. ఈ విమానంలో ఫ్యూయల్ పంపు లేదు. రెక్కల్లో చెరో 12.5 గ్యాలన్ల ట్యాంక్, అక్కడినుంచి పెట్రోలు దానంతట అదే కిందికి కార్బ్యురేటర్‌లోకి దిగాలి. పెట్రోలు దిగాలంటే దిగినంత మేర పైనుంచి గాలి లోపలికి రావాలి. గాలి రాకపోతే ట్యాంక్‌లో వాక్యూమ్ ఏర్పడుతుంది, ధార సన్నబడుతుంది, ఇంజన్ తడబడుతుంది. ఎడమకి మార్చగానే బాగైందంటే, ఆ తడబాటు విషయంలో మాగ్నెటో, ప్లగ్గులు, కార్బ్యురేటర్ దాదాపు నిర్దోషులని ఆ విమానమే మీకు చెప్పింది. రెండు ట్యాంకులకీ కార్బ్యురేటర్ ఒక్కటే కదా! తప్పు, ఏ ట్యాంక్ నుంచి పెట్రోలు రావాలో ఎంచుకునే సెలెక్టర్ వాల్వుకీ కుడి ట్యాంక్ మూతకీ మధ్యలో ఎక్కడో ఉంది.

కొన్నేళ్ళ క్రితం నేను ఇదే చోట తడబడ్డాను. ఒక సెస్నా 140 నేలమీద పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్ళీ నడిచేది. అప్పటికి నెల కిందటే వేరే చోట ఏటి తనిఖీ అయింది. ఆ కాగితం మీద నమ్మకంతో నేను రెండు రోజులు కార్బ్యురేటర్ చుట్టూ తిరిగాను. మూడో రోజు పెట్రోలు పోద్దామని మూత తిప్పితే సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. చూడటానికి అచ్చం అలాగే ఉండే, గాలి రంధ్రం లేని మూత ఎవరో బిగించారు. అది నేలమీద ఆగింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి నేను ఏ తడబాటుకైనా మొదట మూతే చూస్తాను.

మీరు చేయాల్సిందీ అదే. రెండు మూతలూ తీసి పక్కపక్కన పెట్టి పోల్చండి. గాలి దారిలో సన్నటి తీగ దూర్చి చూడండి. టెక్సాస్‌లో మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు ఎక్కువ, పెన్సిల్ ములుకంత రంధ్రం దొరికినా మట్టితో పూడ్చేస్తాయి. వేగం కొలవడానికి గాలి పట్టే పిటో గొట్టం కూడా అప్పుడే చూడండి. కానీ ముందువైపునుంచి దానిలోకి నోటితో ఊదకండి, ఎయిర్‌స్పీడ్ మీటర్ పాడవుతుంది.

తర్వాత మీ మెకానిక్ చేత ధార పరీక్ష చేయించండి. బయట ఆరుబయట పెట్టి, బ్యాటరీ తీసి, ఎర్త్ తీగ తగిలించి, మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకుని కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పుతారు. కొలతపాత్రలోకి ఎంత సేపట్లో ఎంత దిగిందో చూస్తారు. పంపు లేని విమానంలో ఆ ధార, టేకాఫ్‌లో ఇంజన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది నియమం. ఎడమ ట్యాంక్ ఒకసారి, కుడి ట్యాంక్ ఒకసారి. కుడిదాన్ని మూత బిగించి ఒకసారి, మూత తీసి ఒకసారి. మూత తీయగానే ధార పెరిగితే జబ్బు మూతలోనే. మూత తీసినా సన్నగానే ఉంటే ట్యాంక్ అడుగున ఉండే జల్లెడ, రెక్క మొదట్లో ఉండే రబ్బరు పైపు, సెలెక్టర్ వాల్వు వరసగా చూడాలి. పాత ట్యాంకుల్లో కారుడు ఆపడానికి ఎప్పుడో లోపల పూసిన సీలెంట్ పొరలు పొరలుగా లేచి జల్లెడకి అడ్డం పడటం నేను చూశాను. రబ్బరు పైపైతే బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి రేకులా మూసుకుంటుంది. ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో లేకపోతే రెండువైపులా మార్పించండి, ఖర్చు పెద్దగా ఉండదు. రెక్క మొదట్లో లోపలివైపు నీలం మరకలు ఉన్నాయేమో టార్చ్‌లైటుతో వెతకండి. మనం పోసే 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలుకి నీలం రంగు ఉంటుంది. కారి ఆరిపోయినా ఆ రంగు మిగులుతుంది.

ఇక పొద్దుటి దగ్గు. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఒక నిమిషం మూడు సిలిండర్ల మీద నడిచి, వేడెక్కాక నాలుగూ అందుకుంటే ఇక్కడి మెకానిక్‌లు దాన్ని మార్నింగ్ సిక్‌నెస్ అంటారు. పేరు తేలిగ్గా ఉంటుంది, విషయం తేలికైంది కాదు. ఎగ్జాస్ట్ వాల్వు కాడ, అది కదిలే గైడ్‌లో సీసం, మసి పేరుకుని బిగుసుకుపోతోందని దానర్థం. వేడెక్కాక వదులవుతుంది కాబట్టి మనం మర్చిపోతాం. ఒక రోజు అది వదలదు. అప్పుడు వాల్వుని తోసి తెరిచే పుష్‌రాడ్ అనే కడ్డీ వంగుతుంది, ఆ సిలిండర్ పనిచేయడం మానేస్తుంది. నాలుగు సిలిండర్ల, 85 గుర్రాల ఇంజన్‌లో ఒక సిలిండర్ పోతే మిగిలిన బలంతో ఎత్తు నిలబెట్టుకోవడమే కష్టం.

ఏ సిలిండరో మీరే పట్టుకోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. చక్రాలకి అడ్డు పెట్టి, పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, దగ్గుతుండగానే నలభై సెకన్లలో ఆపేయండి. స్విచ్ ఆఫ్ చేసి, తాళం జేబులో వేసుకున్నాకే దిగి, ప్రొపెల్లర్ తిరిగే దారికి దూరంగా నిలబడి నాలుగు ఎగ్జాస్ట్ గొట్టాల మొదళ్ళ వేడి చూసి రాసుకోండి. మీ సీట్లోంచి చూస్తే వెనక కుడిది ఒకటి, వెనక ఎడమది రెండు, ముందు కుడిది మూడు, ముందు ఎడమది నాలుగు. మిగతావాటికన్నా బాగా చల్లగా ఉన్నదే దొంగ.

దీనికి సిలిండర్ ఊడదీయనక్కర్లేదు. అనుభవం ఉన్న మెకానిక్ ప్లగ్ రంధ్రంలోంచి నైలాన్ తాడు లోపలికి దూర్చి, పిస్టన్ పైకి తెచ్చి, ఆ తాడు ఒత్తిడితో వాల్వుని మూసే ఉంచుతాడు. పైన స్ప్రింగు తీసేస్తాడు. తర్వాత తాడు లాగేసి, వాల్వుని సిలిండర్‌లోకి జార్చి, గైడ్‌ని రీమర్‌తో శుభ్రం చేసి, కాడని తుడిచి మళ్ళీ గైడ్‌లోకి ఎక్కిస్తాడు. ఒక సిలిండర్‌కి సగం రోజు పని. ఎవరైనా నేరుగా సిలిండర్ మార్చాల్సిందేనంటే ఈ పని తెలిసిన ఇంకొకరిని అడగండి.

చలిలో మొండికేయడం వేరే విషయం, ఇది చాలావరకు స్వభావం. మీరు థ్రాటిల్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నానని రాశారు. 172లో అది పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి కార్బ్యురేటర్‌లో యాక్సిలరేటర్ పంపు ఉంటుంది. మీ స్ట్రామ్‌బర్గ్‌లో అది లేదు. ఎంత ఆడించినా చుక్క పెట్రోలు అదనంగా వెళ్ళదు. మీకున్నది ప్రైమర్ ఒక్కటే, అంటే స్టార్ట్ చేసే ముందు ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే చేతి పంపు. నెమ్మదిగా లాగి, నిండేదాకా ఒక క్షణం ఆగి, గట్టిగా తోయండి. తోసేటప్పుడు చేతికి బరువు తగలాలి. గాలి తోసినట్టు తేలిగ్గా పోతుంటే ప్రైమర్ లోపలి ఓ-రింగులు అరిగాయి. చలినిబట్టి మూడు నాలుగుసార్లు. అయిపోయాక తప్పకుండా లాక్ చేయండి. లాక్ పడని ప్రైమర్‌లోంచి ఇంజన్ పెట్రోలు పీల్చుకుంటూనే ఉంటుంది, నల్లటి పొగతో గరగరగా నడుస్తుంది. గడ్డకట్టే చలి ఉన్న పొద్దున అయితే ప్రీహీట్, అంటే ముందు బయటినుంచి వేడి చేయడం, లేకుండా స్టార్ట్ చేయకపోవడమే ఇంజన్‌కి మంచిది.

స్ట్రామ్‌బర్గ్ గురించి ఇంకొకటి తెలియాలి. దీని మిక్స్చర్ మీట, అంటే గాలిలో పెట్రోలు పాళ్ళు మార్చేది, లాగితే ఇంజన్ ఆగదు. చాలా విమానాల్లో దాన్ని ఫుల్ రిచ్‌లోనే, అంటే పెట్రోలు పూర్తిగా వెళ్ళే స్థానంలోనే, తీగతో కట్టేసి ఉంటారు. కాబట్టి మీరు ఇంజన్ ఆపేది మాగ్నెటో స్విచ్‌తోనే. అంటే ఆగిన తర్వాత కూడా సిలిండర్లలో పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుంది. ఆ స్విచ్ నుంచి మాగ్నెటోకి వెళ్ళే పీ-లీడ్ అనే తీగ తెగితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. పార్క్ చేసేటప్పుడు ప్రొపెల్లర్‌ని చేత్తో కొంచెం తిప్పితే చాలు, ఇంజన్ ఒక్కసారిగా స్టార్ట్ అయి ప్రొపెల్లర్ తిరగొచ్చు. అందుకే రోజూ ఆపే ముందు ఐడిల్‌లో స్విచ్‌ని ఒక్క క్షణం ఆఫ్‌కి తిప్పి వెనక్కి తెండి. ఇంజన్ చచ్చిపోబోతున్నట్టు అనిపించాలి. రన్-అప్‌లో ఒక మాగ్నెటో మీద డ్రాప్ అసలే లేకపోతే సంతోషించకండి, తీగ తెగిందేమో అనుమానించండి. ఇంట్లో పిల్లలు విమానం చూడటానికి వస్తారని రాశారు. ప్రొపెల్లర్‌ని ఎవరూ ముట్టుకోకూడదన్నది మొదటి రోజే చెప్పండి.

ఇప్పుడు మీ ఎడమ మాగ్నెటో. 180 డ్రాప్ ఎక్కువే. మీ ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్న పరిమితితో పోల్చుకోండి. ముందు ఒక విషయం గమనించాలి: పడిపోయినప్పుడు నున్నగా నడుస్తోందా, గరగరలాడుతోందా? నున్నగా నడుస్తూ పడిపోతే టైమింగ్ వైపు చూడాలి, అది మెకానిక్ పని. గరగర ఉంటే ఏదో ఒక ప్లగ్ వెలగట్లేదు. అదే థర్మామీటర్‌తో పట్టుకోవచ్చు. వేడెక్కిన ఇంజన్‌ని ఎడమ మాగ్నెటో ఒక్కదాని మీద ఓ నిమిషం నడిపి, అలాగే ఆపి, గొట్టాల వేడి చూడండి. చల్లగా ఉన్న సిలిండర్‌లో ఎడమ మాగ్నెటో తీగ వెళ్ళే ప్లగ్ విప్పండి. ఆ ప్లగ్‌ని వేరే సిలిండర్‌లోకి మార్చి మళ్ళీ పరీక్ష చేయండి. చల్లదనం ప్లగ్‌తోపాటు వెళ్తే ప్లగ్ పోయింది. పాత సిలిండర్‌లోనే ఉండిపోతే తీగ, లేదా మాగ్నెటో. ఒక్కసారి ఒక్కటే మార్చండి. నాలుగు మార్చి బాగైందంటే ఏది పోయిందో మీకు ఎప్పటికీ తెలియదు, ఆరు నెలల్లో అదే మళ్ళీ వస్తుంది.

నా అంచనా అయితే కింది ప్లగ్గుల్లో సీసం. విప్పి వెలుతురులో చూడండి, పింగాణీకి, గోడకి మధ్య లోతులో నువ్వుగింజల్లాంటి బూడిదరంగు పూసలు కనిపిస్తాయి. సీ-85 కంప్రెషన్ 6.3:1 మాత్రమే, 73 ఆక్టేన్ పెట్రోలు కోసం చేసిన ఇంజన్. ఇప్పుడు మనం పోస్తున్న 100ఎల్ఎల్‌లో గ్యాలన్‌కి రెండు గ్రాముల దాకా సీసం ఉంటుంది. ఈ చల్లటి చిన్న ఇంజన్ దాన్ని పూర్తిగా బయటికి ఊదలేదు. ప్లగ్గుల్లో పూసలుగా, వాల్వు గైడ్‌లో మసిగా మిగిలేది అదే సీసం. అంటే మీ పొద్దుటి దగ్గుకీ మాగ్నెటో డ్రాప్‌కీ మూలం ఒకటే అయ్యే అవకాశం బాగా ఉంది.

సన్నటి కొంకీతో పూసలు తీసేయండి, పింగాణీ పగలకూడదు. గ్యాప్ 0.016 నుంచి 0.021 అంగుళం. మల్టీమీటర్‌తో ప్లగ్ లోపలి రెసిస్టెన్స్ కొలవండి, 5,000 ఓమ్స్ దాటితే పారేయండి. చేతిలోంచి గట్టి నేలమీద పడిన ప్లగ్‌ని కూడా వాడకండి. కొత్త రాగి వాషర్ వేసి, టార్క్ రెంచ్‌తో 25 నుంచి 30 ఫుట్ పౌండ్లు బిగించండి. ఇకమీదట నేలమీద వెయ్యి ఆర్‌పీఎం దగ్గర నడపండి, ఆరువందల దగ్గర వదిలేస్తే సీసం ఇంకా పేరుకుంటుంది. ఇథనాల్ కలవని కారు పెట్రోలు వాడటానికి ఈఏఏ అనే విమాన ఔత్సాహికుల సంఘానిదీ పీటర్సన్ అనే సంస్థదీ ఎస్‌టీసీ అనుమతులు, అంటే విమానంలో మార్పుకి ప్రభుత్వం ఆమోదించిన పత్రాలు, ఉన్నాయి. మీ విమానం కాగితాల్లో అది ఇప్పటికే ఉందేమో చూడండి. ఆ కాగితం లేకుండా మాత్రం పోయకండి.

ఆమీటర్ గురించి టెన్షన్ వద్దు. అది ఆల్టర్నేటర్ కాదు, జనరేటర్. తక్కువ ఆర్‌పీఎంలో అది చార్జ్ చేయదు. గాల్లో క్రూజ్‌లో కూడా మైనస్‌లోనే ఉంటేనే ఆలోచించాలి. అప్పుడైనా ముందు బ్యాటరీ నుంచి, ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ తీగల మొదళ్ళు విప్పి గీకి బిగించండి.

బ్రేక్ మెత్తదనం సాధారణంగా లైన్లో చేరిన గాలి. ముందు ద్రవం రంగు చూడండి. ఎర్రగా ఉంటే మంచిది, అది విమానాలకి వాడే 5606 హైడ్రాలిక్ ఆయిల్. పసుపుగా ఉంటే ఎవరో కారు బ్రేక్ ఆయిల్ పోశారు. అది ఈ రబ్బరు సీళ్ళని ఉబ్బించి పాడుచేస్తుంది, లైనంతా కడిగి సీళ్ళన్నీ మార్చాలి. గాలి తీసేటప్పుడు కారులో లాగా పైనుంచి కిందికి కాదు, చక్రం దగ్గరనుంచి ఆయిల్ డబ్బాతో పైకి పంప్ చేస్తే బుడగలు వాటంతట అవే పైకొస్తాయి. బాగయ్యాక మొదటి రెండు మూడు ల్యాండింగులు కాలు తేలిగ్గా ఉంచండి. గట్టిగా తొక్కితే ముక్కు నేలకి కొట్టే అలవాటు ఈ విమానానికి ఉంది. అందుకే చాలావాటికి చక్రాల్ని కొంచెం ముందుకి జరిపే ఎక్స్‌టెండర్లు బిగించి ఉంటాయి. దిగినప్పుడు బంతిలా ఎగరడం మాత్రం రిపేర్ చేసేది కాదు. ఆ స్ప్రింగు ఉక్కు కాళ్ళు స్టీవ్ విట్‌మన్ అనే విమాన రూపకర్త ఆలోచన, సెస్నా ఆయన దగ్గర హక్కులు కొని పెట్టింది. దిగేటప్పుడు వేగం సరిగ్గా పట్టుకుంటే అవి ఎగరవు.

తోక చక్రానికి: మీరు సీట్లో కూర్చుని, ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడు పక్కనుంచి ఎవరినైనా ఫొటో తీయమనండి. చక్రం తిరిగే నిలువు ఇరుసు పైకొన నిటారుగా గానీ, కొంచెం వెనక్కి వాలి గానీ ఉండాలి. ముందుకి వాలి ఉంటే తోక స్ప్రింగు చదునైపోయింది, ఎంత బిగించినా వణుకు పోదు. స్ప్రింగుకి వంపు తిరిగి తెప్పించాలి లేదా మార్చాలి. వాలు సరిగ్గానే ఉంటే అప్పుడు బేరింగులు, చెయిన్లు, టైరు గాలి చూడండి.

ఆయిల్ చారల విషయంలో మీరు ప్రతిసారీ సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) నిండా పోస్తున్నారని తెలుస్తోంది. సీ-85లో పట్టేది నాలుగున్నర క్వార్టులు. అంచుదాకా పోస్తే పైభాగాన్ని, ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టంలోంచి పొట్టకి పూసేస్తుంది. నాలుగు దగ్గర ఆపి రెండు మూడు గంటలు చూడండి. ఇంకా వస్తే ఇంజన్ శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అనుమానం ఉన్నచోట టాల్కమ్ పౌడర్ చల్లి పది నిమిషాలు నడిపి ఆపండి. తడి మొదలైన చోటు తెల్లటి పొడిలో గీతలా కనిపిస్తుంది. రాకర్ మూతల గాస్కెట్లు, పుష్‌రాడ్ గొట్టాల సీళ్ళ దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది.

వీటిలో మీరు చట్టప్రకారం చేయగలిగేవి అమెరికా విమానయాన నియమాల్లోని పార్ట్ 43 అపెండిక్స్ ఏ చివర్లో ఉన్నాయి: ప్లగ్గులు, ఆయిల్, టైర్లు, బ్యాటరీ, జల్లెడలు కడగడం, హైడ్రాలిక్ ద్రవం పోయడం వంటివి. విమానం మీది, మీకు ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి చేయవచ్చు. చేసిన పని, తేదీ, సర్టిఫికెట్ నంబర్, సంతకం లాగ్‌బుక్‌లో రాయాలి. వాల్వు, టైమింగ్, ధార పరీక్ష, బ్రేక్ సీళ్ళు మెకానిక్‌కి వదిలేయండి. ఆయన చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడండి, చాలామంది కాదనరు.

కార్బ్యురేటర్‌కి న్యాయంగా ఒక్క పరీక్ష పెట్టండి. ఇంజన్ ఆపాక ట్యాంక్ సెలెక్టర్ తెరిచే ఉంచి, కింద గాజు సీసా పెట్టి పది నిమిషాలు చూడండి. చుక్కలు పడుతూనే ఉంటే లోపల పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వు సరిగ్గా కూర్చోవట్లేదు, అప్పుడు విప్పించాల్సిందే. పడకపోతే దాన్ని వదిలేయండి. ఈ శనివారం మూతలు పోల్చి, పొద్దుటి చల్లటి ఇంజన్ మీద నాలుగు సిలిండర్ల వేడి, తర్వాత ఎడమ మాగ్నెటో మీద నాలుగింటి వేడి రాసి ఇక్కడ పెట్టండి. రెండుసార్లూ చల్లగా ఉన్నది ఒకటే సిలిండరా, వేర్వేరువా అన్నది తెలిస్తే ముందు ఏది విప్పాలో చెబుతాను.